పేటపోలి రేవున పంచ్

శ్రీరామనవమినాడు మా చేబ్రోలులో పానకము కలుపని ఇల్లు అరుదు. తెల్లవారకమునుపే ఇత్తడి గంగాళము తోమి బోర్లించెదరు. బెల్లపు అచ్చును పచ్చడిబండతో చితుకగొట్టి నీట నానవేసెదరు. మిరియములును శొంఠియు రోట దంచుచుండగా ఆ ఘాటునకు పిల్లలు తుమ్ముచు పెరటిలోనికి పరుగెత్తెదరు. ఏలకుల పొడి చిట్టచివర పడును. దీనికై ఎవ్వరును పనిగట్టుకొని అంగడికి పోనక్కరలేదు. బెల్లము కుండలో నుండును, మిరియములు పోపులపెట్టెలో నుండును, శొంఠి చంటిబిడ్డలున్న ప్రతి యింటను నుండును, నీరు నూతిలో నుండును. పానకమునకు కొలత నాలుకయే అని మా అమ్మమ్మ అనుచుండెడిది. బెల్లము, నీరు, మిరియము, శొంఠి, ఏలకి: లెక్కించి చూచిన ఇవి ఐదు. ఈ ఐదను సంఖ్యను శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెనని నా మనవి.

ఇంట నున్న వస్తువులతో పానీయములు కలుపుకొనుట నేడు లోకమున నొక వేడుకయైనది. ఘాటైన మద్యమున పులుపు, తీపి, సుగంధము చేర్చి గాజుపాత్రలో పోసి, దానికి కాక్‌టెయిల్ అని పేరు పెట్టిరి. ఇది పడమటి దేశముల ఆచారమనియు, మన తీరమునకు దీనితో ఎట్టి సంబంధమును లేదనియు నేనును చాలకాలము తలచియుంటిని. కాని ఆ పానీయముల వంశవృక్షమును వెదకుచు వెనుకకు నడచినచో, కాక్‌టెయిలునకు తాతవంటి పానీయమొకటి కన్పట్టును. దాని పేరు పంచ్. ఇప్పటివరకు తెలిసినంతలో ఆ పేరు ఇంగ్లీషు వ్రాతలో మొదట కానవచ్చినది 1632వ సంవత్సరమున. ఆ వ్రాత ఒక జాబు. ఆ జాబు చేరవలసిన చోటు మా చేబ్రోలుకు దక్షిణముగా, రేపల్లెకు నైరుతిదిక్కున సముద్రపుటొడ్డుననున్న నిజాంపట్నము.

ఆనాడు విదేశీయులు ఆ రేవును నిజాంపట్నమని పిలువలేదు. ప్రక్కనున్న పెద్దపల్లె పేరు విని, నోరు తిరిగినట్లు పలికి, పేటపోలి యనిరి. వారి పటములందును లెక్కల పుస్తకములందును అదియే పేరు. 1606లో డచ్చివారు అక్కడ వర్తకశాల పెట్టిరి. 1611 ఆగస్టులో ఆంథోనీ హిప్పన్ నాయకత్వమున ‘గ్లోబ్’ అను ఇంగ్లీషు ఓడ వచ్చినది. అందలి వర్తకులలో ముఖ్యుడైన పీటర్ ఫ్లోరిస్ హాలెండు దేశస్థుడు. ఆ ఓడ మొదట పేటపోలిలో లంగరు వేసి, కొందరిని అక్కడ దింపి, ఆపైన మచిలీబందరునకు పోయెను. తూర్పుతీరమున ఇంగ్లీషువారి వర్తకమునకు ఆరంభమిదియే. మద్రాసు కోట అప్పటికి లేదు. దానికి పునాది పడుటకింకను దాదాపు ముప్పదేండ్లు పట్టినది.

వారు ఇంత దూరము వచ్చుటకు కారణము గుడ్డ. పేటపోలి ప్రాంతమున దొరకు చిరివేరు ఎర్రరంగునకు పేరెన్నికగన్నది. ఆ వేరుతో అద్దిన వస్త్రములను తూర్పుదీవులలో జాజికాయకు, జాపత్రికి, లవంగమునకు మారకముగా నిచ్చెడివారు. ఆ దినుసులను యూరపులో అమ్మి లాభము గడించెడివారు. మన సాలెవాండ్ర చీరయు బందా దీవుల జాజికాయయు ఒకే త్రాసున తూగిన కాలమది. ఈ జాజికాయ మన కథలో మరల వచ్చును.

తీరమునకు సుగంధద్రవ్యములు వచ్చుట డచ్చివారితో మొదలైనది కాదు. బాపట్ల జిల్లాయందలి మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము సముద్రవర్తకులకు రక్షణ నిచ్చుచు, ఏ సరకునకు ఎంత సుంకమో లిఖించినది. అందు చందనము, కర్పూరము, ముత్యములు, దంతము మొదలగువానితో పాటు మిరియములును పన్నీరును కలవు. మా చేబ్రోలున 1213లో శాసనము వేయించిన జాయసేనాని ఆ రాజు గజబలమునకు అధిపతి. కావున మా యూరి పానకమున పడిన మిరియము ఎప్పుడో ఒకప్పుడు మోటుపల్లి సుంకము చెల్లించియే వచ్చియుండవచ్చునని నేను సరదాగా అనుకొనుచుందును.

ఇక జాబు మాట. రాబర్ట్ ఆడమ్స్ అనునతడు 1632 సెప్టెంబరులో పేటపోలిలోని థామస్ కాలీ యను వర్తకునకు దానిని వ్రాసెను. ఇరువురును ఈస్టిండియా కంపెనీ కొలువులోనివారే. విలియం ఫాస్టర్ కంపెనీ కాగితములను సంకలనము చేసి 1910లో వెలువరించిన సంపుటమున ఇది అచ్చైనది. అందలి సారమింతే: నీకు మంచి తోడు దొరికినందులకు సంతోషము, మీరిరువురును చక్కగా ఇల్లు నడుపుకొందురని ఆశించుచున్నాను అని చెప్పి, పంచ్ త్రాగుటను గూర్చి ఒక ముక్క చేర్చెను. ఆ ముక్కకు రెండర్థములు చెప్పవచ్చును. ఎట్టి పరిస్థితులలోను పంచ్ త్రాగవద్దని ఒక అర్థము. కంపెనీవారు రోజువారీగా కొలిచి ఇచ్చు వంతుతో సరిపెట్టుకొనక తృప్తిగా త్రాగుడని మరియొక అర్థము. ఒకటి పెద్దల హితవు, రెండవది స్నేహితుని వేళాకోళము. జాబు వ్రాసిన ధోరణినిబట్టి రెండవదియే సరియని నాకు తోచుచున్నది. కొత్తగా కాపురము పెట్టిన మిత్రునకు ఎవరును మొదటివాక్యముననే నీతిబోధ చేయరు.

ఈ జాబులో నన్ను ఆకర్షించిన సంగతి వేరొకటి. ఆడమ్స్ ఆ పేరు వ్రాసి, అది ఏమిటో వివరింపలేదు. వివరింపనక్కరలేదని అతనికి తెలియును. అనగా 1632 నాటికే ఈ తీరమునందలి ఇంగ్లీషువారికి పంచ్ అనునది ఇంటిమాటయై యుండెను. కనుక పంచ్ పేటపోలిలోనే పుట్టినదని చాటింపు వేయుట తగదు. మొదటి వ్రాత దొరికిన చోటు వేరు, మొదటిసారి కలిపిన చోటు వేరు. అది సూరతులో పుట్టియుండవచ్చును, ఓడ మీదనే పుట్టియుండవచ్చును. ఊరి మీది అభిమానముతో చరిత్రను వంచరాదు కదా. అయినను, ఆ పానీయమునకు కావలసిన సమస్త వస్తువులును ఆ రోజులలో పేటపోలిలో ఇల్లు కదలకుండ దొరకెడివని మాత్రము నిస్సందేహముగా చెప్పవచ్చును.

యూరపువారు తమ దేశమునుండి యవల మద్యమును, ద్రాక్షసారమును పీపాలతో తెచ్చుకొనెడివారు. ఆరునెలలకు పైబడిన సముద్రప్రయాణమున, భూమధ్యరేఖను దాటునప్పటి యెండకు, అవి పులిసి చెడిపోయెడివి. మిగిలినది మచిలీబందరు వేసవికి ఆగెడిది కాదు. అట్టి స్థితిలో వారు ఆ యింటనున్న దానితో గడుపుకొనవలసి వచ్చినది. ఆ యింట నేమున్నది? ఇసుకనేలలలో వరుసలు తీరిన తాటిచెట్లున్నవి.

గీత వృత్తివాడు నడుమునకు మోకు బిగించి, గీతకత్తి చేత పట్టుకొని చెట్టెక్కి గెల చివర గీసి లొట్టి కట్టును. కారిన నీరు మొదట తేనెవలె తీయగా నుండును. గాలిలోని, లొట్టిలోని పులుపుక్రిములు తగులగనే కొన్ని గంటలలో అది పొంగి కల్లగును. ఆ కల్లును కాచి ఆవిరిపట్టి చల్లార్చినచో సారాయి. లొట్టిలోపల సున్నము పూసినచో ఆ క్రిములు పనిచేయవు. నీరు తీయగనే నిలుచును. దానిని కాచి తాటిబెల్లము చేయుదురు. అనగా ఒక్క చెట్టు, ఒక్క లొట్టి. సున్నము పూసిన తీపి, పూయకున్న మత్తు. పంచ్‌నకు కావలసిన ఐదింటిలో రెండు ఆ చెట్టే ఇచ్చినది.

మూడవది నిమ్మ. నేడు తెనాలి నిమ్మకాయల విపణి మన రాష్ట్రమున పేరుపొందినది. ఇంగ్లీషువారికి తమ దేశమున నిమ్మ పండదు. అది స్పెయిను, పోర్చుగలు దేశములనుండి వచ్చు ఖరీదైన వస్తువు. ఇక్కడ అది పెరటిచెట్టు. నాల్గవది నీరు. ఐదవది, ఆ ఘాటును మెత్తపరచుటకు పైన తురుము జాజికాయ. మన గుడ్డలిచ్చి తూర్పుదీవుల దినుసులు తెచ్చు రేవున దానికి కొదువయుండునా?

ఈ ఐదింటినుండి సారాయిని తీసివేసి, నిమ్మకు బదులు శొంఠియు మిరియమును వేసి చూడుడు. మన గంగాళము వచ్చి ఎదుట నిలుచును. తీపిని నీట కరగించుట, దానిని ఘాటుతో నిలబెట్టుట, చివర వాసన చల్లుట, ఒకే పెద్ద పాత్రనుండి అందరికిని పోయుట, ఇది పానకపు పద్ధతి. పంచ్ పద్ధతియు అక్షరాల ఇదియే. విదేశీయుల వంటయింట పనిచేసినవారు మనవారు. బెల్లపు నీటిని ఎట్లు వడియగట్టవలెనో, ఎంత పులుపునకు ఎంత తీపి పట్టునో వారికి తెలియును. దొర అడిగినదానిని చేతికి అలవాటైన రీతిని కలిపి ఇచ్చిన ఆ వంటవాని పేరు ఏ జాబులోను లేదు. నా ఊహను ఋజువుగా చెప్పుట లేదు. అయినను పానకము తెలిసిన చేయి పంచ్‌లో పడలేదని నమ్ముట నాకు కష్టముగా నున్నది.

పంచ్ అను పేరు మన ‘పంచ’ శబ్దమునుండియే వచ్చినదని ప్రసిద్ధి. కంపెనీ వైద్యుడు జాన్ ఫ్రయర్ 1673లో మచిలీబందరున దిగి, పిమ్మట మద్రాసు, సూరతు, పారశీకము చూచి, 1698లో తన యాత్రాగ్రంథమును అచ్చువేయించెను. హిందూస్థానీలో ఐదునకు ఆ పేరు కలదనియు, ఐదు వస్తువులు చేరుటచే ఆ పానీయమునకు అది వచ్చినదనియు అతడే చెప్పెను. పంచామృతము, పంచకజ్జాయము, పంచలోహము వినిన మన చెవికి ఇది వెంటనే నచ్చును. కాని భాషాశాస్త్రజ్ఞులు అంత త్వరగా ఒప్పుకొనలేదు. 1638లో సూరతున నున్న మాండెల్స్లో అను జర్మనుడు ఇట్టి పానీయమునే పేర్కొని, అందు మద్యము, పన్నీరు, నిమ్మరసము, చక్కెర అని నాలుగే లెక్కించెను. పదునేడవ శతాబ్దమున ఇంగ్లీషువారు ఆ మాటను నేటివలె గాక ‘పుంచ్’ అన్నట్లు పలికెడివారనియు, మద్యపు పీపాకు వారి భాషలోనున్న ‘పంచియన్’ అను మాటను నావికులు కురుచచేసి యుండవచ్చుననియు మరికొందరి వాదము. నేను ఫ్రయరు పక్షమునకే కొంచెము మొగ్గుదును. అయినను మాండెల్స్లో లెక్కించిన నాలుగింటిని చూచినప్పుడెల్ల ఆ మొగ్గు కొంత సడలుచుండును. ఏది యెట్లున్నను అతడు చెప్పిన పన్నీరు మోటుపల్లి శాసనములోని పన్నీరును తలపునకు తెచ్చుచున్నది.

ఇల్లాండ్రు ఇంటనే మద్యము చేయుట మన దేశమున క్రొత్తయేమియు కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారిని గూర్చి ఒక అధ్యాయమే కలదు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని రకములు చెప్పి, ఏ దానిలో నీరెంత, బియ్యమెంత, పులియబెట్టు కిణ్వమెంత అని కొలతలిచ్చెను. మద్యము రాజుగారి గుత్త. అయినను శుభకార్యములప్పుడు గృహస్థులు తమ యింట తెల్లని సురను, ఔషధార్థము అరిష్టమును చేసికొనవచ్చుననియు, ఉత్సవములకు జాతరలకు నాలుగుదినములు సెలవు ఉండవలెననియు అతడే చెప్పెను. చరకసంహిత ఎనుబదినాలుగు ఆసవములను లెక్కించినది. కళ్యాణి చాళుక్యుడు సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున కూర్చిన మానసోల్లాసమున పానీయములకు, పానకములకు వేరుగా ప్రకరణములున్నవి. కలుపుట అను విద్య మనకు ఎన్నడును కొరవడలేదు. ఉగాది పచ్చడి కలిపినవారికి పులుపు, తీపి, చేదు, వగరు ఒకే గిన్నెలో ఇముడ్చుటను ఎవరు నేర్పవలెను?

పేటపోలి కథలో ఇంతవరకు వేడుకయే చెప్పితిని. దానికి రెండవ పుట కలదు. ఆడమ్స్ తన మిత్రునకు సరసముగా జాబు వ్రాసిన ఆ సంవత్సరము దేశమున ఎట్టిదో చూడుడు. 1630 మొదలు 1632 వరకు గుజరాతును దక్కనును ఘోరక్షామము కాల్చినది. దాని సెగ గోల్కొండ రాజ్యపు తీరమునకును తాకినది. ఏ నేతగాండ్ర గుడ్డకై ఓడలు వచ్చినవో ఆ నేతగాండ్రు మగ్గములు విడిచి వలసపోయిరి, పోలేనివారు మరణించిరి. పంచ్ గిన్నె నిండియున్న ఇంటి ప్రహరీకి ఆవల బెల్లపు గడ్డ కొనలేనివారుండిరి. ఈ సంగతి ఆ చిన్న జాబులో లేదు. అట్టి జాబులలో అది ఉండదు.

త్రాగినవారి గతియు బాగులేదు. ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ 1660లలో వంగదేశమున ఇదే పానీయమును చూచెను. నల్లబెల్లమునుండి దించిన సారాయి, నిమ్మరసము, నీరు, కొంచెము జాజికాయ అని వివరము చెప్పి, నాలుకకు హితమేగాని శరీరమునకు మిక్కిలి చేటని వ్రాసెను. డచ్చివారును ఇంగ్లీషువారును తమ ఓడల మనుష్యులను ఈ పానీయము త్రాగుటనుండి అదుపుచేసిన పిమ్మట మరణములు తగ్గినవని అతని మాట. 1670లలో మద్రాసు కోటలో ఒకడు ఒక్కసారికి ఎంత సారాయి, ఎంత ద్రాక్షసారము త్రాగవచ్చునో నియమము చేసి, మీరినచో ఇంటి యజమానికిని అతిథులకును వేరువేరు జరిమానాలు విధించిరి. నియమము పుట్టినదనగా అవసరము పుట్టినదనియే అర్థము. కంపెనీవారి శ్మశానములు త్వరగా నిండుటకు వేడియు, జ్వరములు, పాడునీరు కారణములే. పంచ్ గిన్నెయు వానిలో నొకటి.

అందు ఒక మేలు దాగియుండెను. నెలలకొలది తాజా కాయగూరలు లేక నావికులకు చిగుళ్లు వాచి, పండ్లూడి, స్కర్వీ రోగమున చచ్చెడివారు. 1747లో జేమ్స్ లిండ్ అను నౌకావైద్యుడు ఆ రోగులకు నారింజ, నిమ్మ పండ్లిచ్చి కుదిర్చి చూపెను. అంతకు నూరేండ్ల ముందునుండియే పంచ్‌లోని నిమ్మరసము కొందరినైనను ఆ జబ్బునుండి కాపాడియుండును. మేలు చేసినది నిమ్మకాయ, కీర్తి పొందినది సారాయి.

పదునేడవ శతాబ్దము గడచునప్పటికి పంచ్ ఓడలెక్కి లండను చేరినది. అక్కడి ధనికులకు నిమ్మయు జాజికాయయు ఇంట నుండునవి కావు. వానిని గిన్నెలో పోసి అతిథులకు చూపుటయే వైభవమైనది. మన పెరటి వస్తువు వారి వెండి పాత్రలోనికి పోయినది. వెస్టిండీసు దీవులలో చెరకు మడ్డినుండి తీసిన రమ్ము సారాయి స్థానమును ఆక్రమించినది. పులుపు ఒక పాలు, తీపి రెండు పాళ్లు, ఘాటు మూడు పాళ్లు, నీరు నాలుగు పాళ్లు అని అక్కడివారొక లెక్క కట్టిరి. 1740లో వెర్నన్ అను నౌకాధిపతి నావికుల రమ్మున నీరు కలిపించి, కావలసినవారు నిమ్మయు చక్కెరయు చేర్చుకొనవచ్చుననెను.

కాలము మారినకొలది గంటలకొలది గిన్నె చుట్టును కూర్చుండు తీరిక లేకపోయినది. ఒక్కొక్కరికి ఒక్కొక్క గ్లాసు కలుపుట వచ్చినది. 1806 మే నెలలో న్యూయార్కు రాష్ట్రపు హడ్సను నగరమున వెలువడు పత్రిక యొకటి, పాఠకుడొకడు అడిగిన ప్రశ్నకు బదులుగా, కాక్‌టెయిలనగా మద్యము, చక్కెర, నీరు, చేదుద్రవ్యము కలిసినదని నిర్వచించెను. మరల నాలుగైదు వస్తువుల లెక్కయే. 1862లో జెర్రీ థామస్ అను అమెరికను, పానీయములు కలుపు విద్యకు మొదటిదనదగిన పుస్తకమును అచ్చువేసినప్పుడు, మొదట వరుసపెట్టినవి పంచ్‌లే. నేటికిని రమ్ము, నిమ్మ, చక్కెర కలిపి ఏ పేరుతో పిలిచినను అది ఒక గ్లాసునకు కుదించిన పంచ్ కాక వేరుకాదు. ఒక్క భేదము మాత్రము పెద్దది: మంచుగడ్డ. పేటపోలివారికి మంచు లేదు. అమెరికాలోని బోస్టను చెరువుల మంచును కోసి ఓడలలో కలకత్తాకు తెచ్చుట 1833లో మొదలైనది. పేటపోలిలో పంచ్ చల్లబడినచో అది మట్టికూజా చలువయే యైయుండును.

తాటిచెట్టు చుట్టునున్న తగవు మాత్రము ఓడలెక్కి పోలేదు; ఇక్కడనే నిలిచినది. ఇంగ్లీషు ప్రభుత్వము కల్లును సారాయిని అబ్కారీగా మార్చి, చెట్టునకు పన్నుకట్టి, దుకాణములు వేలమువేసి ఖజానా నింపుకొనినది. మద్యనిషేధము మద్రాసు రాజధానిలో 1937లో సేలమున మొదలై, 1948 నాటికి అన్ని జిల్లాలకును వ్యాపించినది. ఆంధ్రరాష్ట్రమేర్పడిన పిమ్మట గీత వృత్తివారు తమ జీవనము పోయినదని గౌతు లచ్చన్నగారి నాయకత్వమున ఉద్యమించిరి. 1954 నవంబరులో ఆ సమస్య మీదనే టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. నిషేధమునకు ఒడ్డినవారు ఒక ప్రక్క, చెట్టెక్కి బ్రతుకువారు ఒక ప్రక్క. ఇరువైపులను పేదయింటి కన్నీరే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచి సారా దుకాణము మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతటను ప్రాకగా 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధము రెండేండ్లకే సడలినది. పంచ్ కథను చదివి ముచ్చటపడు నగరవాసి, ఆ సారాయి పేరు దూబగుంటలో ఎట్లు వినబడునో కూడ తెలిసికొనుట మంచిది.

మా ప్రాంతమున మరియొక గిన్నె కలదు. మంగళగిరి కొండమీది నరసింహస్వామికి పానకాలస్వామి యని పేరు. అక్కడ భక్తులు తెచ్చిన బెల్లపు పానకమును స్వామి నోట శంఖముతో పోసెదరు. సగము స్వామి గ్రహించి, సగము ప్రసాదముగా విడుచునని భక్తుల విశ్వాసము. బిందె పెద్దదైనను చిన్నదైనను సగమేయట. ఆ కొండ దిగువ ఆలయమునకు ఎత్తైన గాలిగోపురమును కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడే మా చేబ్రోలున చతుర్ముఖ బ్రహ్మ ఆలయమును కట్టించెను. చిన్ననాడు మేము ఎడ్లబండిలో మంగళగిరి పోయినప్పుడు, స్వామికి పోసినదానికంటె మాకు మిగిలినది తక్కువైనదని నాకును మా తమ్మునకును అనుమానము కలిగి, బండిలోనే తగవులాడుకొంటిమి.

పేటపోలి గిన్నెను సారాయి లేకుండ ఇంట కలుపదలచినవారికి నా యనుభవము చెప్పెదను. బెల్లమును నీట వేసి కరగినదాక కదపక ఉంచుడు. ఇసుక అడుగునకు దిగును. అప్పుడు పైతేటను పలుచని గుడ్డతో వడియగట్టుడు. నీరు బెల్లమునకు నాలుగింతలు చాలును. నిమ్మకాయలను పిండుటకు మునుపు వాని తోలుమీద బెల్లపు గడ్డనొకదానిని రుద్దుడు. తోలులోని తైలమును బెల్లము పీల్చుకొనును. పూర్వము పంచ్ కలుపువారు చక్కెర దిమ్మెతో ఇదే పని చేసెడివారు. వాసన అంతయు అందులోనే యున్నది. ఆ గడ్డను కూడ నీట కరగనిచ్చి, తరువాత రసము పిండుడు. గింజ పడనీయరాదు, చేదెక్కును. మిరియములు నలగగొట్టినవి చిటికెడు చాలును. మెత్తని పొడియైనచో గొంతు పట్టును. కుండలో పోసి తడిగుడ్డ చుట్టి, గాలి తగులు కిటికీలో రెండు గంటలుంచుడు. జాజికాయను మాత్రము ముందుగా అరగదీయరాదు. గ్లాసులలో పోసిన పిమ్మట, అతిథి చేతికిచ్చుటకు క్షణము ముందు, పైన రెండు గీతలు గీసిన చాలును.